మూట విప్పి చూపమందాం

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో బస్సు దిగి మా సంఘం ఆఫీసుకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది ముందు మంచినీళ్లు అడుగుతారు. తర్వాత తలుపు దగ్గరికి వేయమంటారు. ఆ తర్వాతే మాట మొదలవుతుంది. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వైపు, కరీంనగర్ వైపు పోయే బస్సుల రొదలో కూడా వాళ్లు గొంతు తగ్గించే మాట్లాడతారు. ఎవరైనా వింటారేమోనన్న భయం ఇల్లు దాటి వచ్చినా వాళ్లను వదలదు.

మూడేళ్ల కిందట అట్లా వచ్చిన ఒక బీడీ కార్మికురాలు నన్నొక ప్రశ్న అడిగింది. అప్పటికి మా సంఘం ఒక మొబైల్ యాప్ తయారు చేయించింది. మొగుడు కొట్టినా, ఇంట్లోంచి గెంటేసినా, చంపుతానని బెదిరించినా ఆ యాప్ తెరిచి ఒక మీట నొక్కితే మాకు కబురొస్తుంది. ఆమె ఎక్కడున్నదీ తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు చూసినా అనుమానం రాకుండా పైకి మామూలు పేరు, మామూలు బొమ్మ పెట్టించాం. ఆమె ఫోన్‌లో దాన్ని నేనే ఎక్కించాను. ఆమె అడిగింది: "అక్కా, నేను గిది తెరిస్తే ఇంకెవలకన్న ఎరుకైతదా?"

"నీకూ మాకూ తప్ప మూడో మనిషికి తెలువదు" అన్నాను.

ఆ మాట తప్పని ఏడాది తర్వాత తెలిసింది. మా సభ్యురాలి కూతురు ఒకమ్మాయి బీటెక్ చదువుతోంది. సెలవుల్లో ఆఫీసుకొచ్చి కూర్చునేది. ఫ్రాన్సులో ఎక్సోడస్ ప్రైవసీ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల ఏయే కంపెనీల నిఘా ముక్కలున్నాయో వెతికి చూపించే పరికరాన్ని వాళ్లు ఉచితంగా అందరికీ ఇస్తున్నారు. ఆ అమ్మాయి మా యాప్‌ను అందులో పెట్టి చూసింది. మేం అడగనివి మూడు దొరికాయి. యాప్ ఆగిపోతే ఎందుకు ఆగిందో బయటికి చెప్పేది ఒకటి. ఎవరు ఎంతసేపు వాడుతున్నారో లెక్కగట్టేది ఇంకొకటి. మూడోది ఫేస్‌బుక్ వాళ్ల ప్యాకేజీ. దెబ్బలు తిన్న ఆడవాళ్ల కోసం పెట్టిన యాప్‌లో ఫేస్‌బుక్‌కు పనేమిటి?

తయారుచేసి ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేశాం. అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "మేడం, అది మేం కావాలని పెట్టలేదు. ఇంతకుముందు ఒక బట్టల షాపుకు చేసిన యాప్‌నే మార్చి మీకిచ్చాం. దాంతోపాటు వచ్చేసింది." అంటే చీరల బేరం కోసం పెట్టిన నిఘా, ప్రాణభయంతో ఉన్న మనిషి ఫోన్‌లోకి వచ్చి కూర్చుందన్నమాట. దాన్ని పెట్టినవాడికీ తెలియదు, పెట్టించిన మాకూ తెలియదు!

ఆ ప్యాకేజీ ఏం చేస్తుంది? 2018 డిసెంబరులో ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 34 ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి ఒక నివేదిక విడుదల చేసింది. వాటిలో 61 శాతం, మనిషి యాప్ తెరిచిన మరుక్షణమే ఆ సంగతిని ఫేస్‌బుక్‌కు పంపుతున్నాయి. ఫేస్‌బుక్ ఖాతా ఉన్నా లేకున్నా సరే. ఆ కబురుతో పాటు ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య కూడా పోతుంది. యాప్ లోపలి పేరు కూడా పోతుంది. పైకి కనిపించే పేరు ఏదైనా, ప్రతి యాప్‌కూ లోపల ఇంకొక పేరుంటుంది. మా యాప్ లోపలి పేరులో 'గృహహింస' అన్న మాట ఉంది.

ఇప్పుడు ఆ బీడీ కార్మికురాలి ఫోన్ సంగతి చూడండి. ఫోన్ ఆమెదే. కానీ అందులోని ఫేస్‌బుక్ ఖాతా భర్త తెరిచి ఇచ్చింది, అతని పేరు మీదే ఉంది. ఆమె భయపడుతూ యాప్ తెరిచిన ప్రతిసారీ బయలుదేరిన కబురు ఎవరి ఖాతాకు జతపడి ఉంటుంది? అది ఏదో ఒక ప్రకటన రూపంలో మళ్లీ ఆ ఇంటికే చేరి ఉండవచ్చు కదా? చేరలేదనే అనుకుందాం. అయినా మూడో మనిషికి తెలియదని నేనిచ్చిన మాట ఏమైనట్టు?

ఈ వ్యాసం ఆ అబ్బాయి మీద ఫిర్యాదు కాదు. అతను అందరూ చేసేదే చేశాడు. నా తగాదా ఆ 'అందరూ చేసే' పద్ధతితో. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆడవాళ్ల చేతికి యాప్ ఇచ్చేవాళ్లు ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, మన సంఘమే అయినా, అందులో తాము రాసిన దానికే కాదు, బయటి నుంచి తెచ్చి కలిపిన ప్రతి ముక్కకూ జవాబు చెప్పాలి. ఆ ముక్కల జాబితాను తెలుగులో, వాడేవాళ్ల ముందు పెట్టాలి. అది చేయలేనివాళ్లకు ఆ యాప్‌ను తప్పనిసరి చేసే హక్కు లేదు.

పాకెట్ మీద రాయని విత్తనం

'ఇది సాంకేతిక విషయం, ఇంజనీర్లు చూసుకుంటారు, స్త్రీల పత్రికలో దీనికి చోటెందుకు?' అనేవాళ్లు ఉంటారు. మన ఒంటి గురించి అడిగితే డాక్టర్లు చూసుకుంటారన్నారు. భూమి గురించి అడిగితే పట్వారీ చూసుకుంటాడన్నారు. చూసుకున్నవాళ్లు ఎవరి వైపు చూసుకున్నారో మనకు తెలిసిందే. కాబట్టి ఈ విషయాన్నీ మనమే తెలుసుకుందాం. ఇది అంత కష్టమైనదేం కాదు.

ఏ యాప్‌నూ ఎవరూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సొంతంగా రాయరు. పటం చూపడానికి ఒకటి, ఫోటో తీయడానికి ఒకటి, కబురు పంపడానికి ఒకటి, ఇతరులు ముందే రాసి పెట్టిన ముక్కలను తెచ్చి కలుపుతారు. వీటినే ప్యాకేజీలని, లైబ్రరీలని అంటారు. ఆండ్రాయిడ్ యాప్‌లకు కావలసిన ప్యాకేజీలు మావెన్ సెంట్రల్ వంటి పెద్ద గిడ్డంగుల్లో ఉంటాయి. తయారుచేసేవాడు ఒక కాగితంలో పేర్లు రాస్తే చాలు, కంప్యూటరే పోయి తెచ్చుకుంటుంది. ఆ ప్యాకేజీకి పనిచేయడానికి ఇంకో ప్యాకేజీ కావాలి. దానికి మరొకటి కావాలి. మనవాడు రాసింది పది పేర్లయితే, లోపలికి వచ్చేవి వంద ఉండవచ్చు. ఆ వందలో తొంభై పేర్లు అతను ఎన్నడూ చదివి ఉండడు.

ఇతరులు రాసింది వాడుకోవడం తప్పు కాదు. ఒకరు చేసిన పని ఇంకొకరికి పనికి రావడం మంచిదే. పచ్చడి పెట్టేవాళ్లు ఉప్పు, నూనె, ఆవాలు కొనుక్కోరా? కానీ ఏం కలిపారో తెలియకుండా పచ్చడి అమ్మితే ఒప్పుకుంటామా?

ఇక్కడ రెండు సంగతులు ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది: ఆండ్రాయిడ్‌లో యాప్‌కు మనం ఇచ్చిన పర్మిషన్, దాని లోపలున్న ప్యాకేజీలకూ అందుతుంది. 'ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా?' అని సంఘం యాప్ అడిగితే, సంఘాన్ని నమ్మి ఆమె సరేనంటుంది. ఆ సరే సంఘానికే పోదు, ఆ యాప్‌లో కూర్చున్న ప్రతి ప్యాకేజీకీ పోతుంది. రెండోది: ఒక ప్యాకేజీ తనకు కావలసిన పర్మిషన్లను తనతోనే రాసి తెచ్చుకోగలదు. యాప్ కట్టేటప్పుడు అవన్నీ యాప్ పర్మిషన్ల పట్టికలో వాటంతట అవే కలిసిపోతాయి. ఎవరో ఒకరు కూర్చుని, ఇది మాకు అక్కర్లేదని కొట్టేస్తే తప్ప పోవు. కొట్టేయాలంటే ముందు చూడాలి. చూసే తీరిక ఎవరికుంది? ఎంత తొందరగా ఇస్తే అంత తొందరగా బిల్లు వస్తుంది!

మా గజ్వేల్ ప్రాంతంలో పత్తి, మక్క వేసే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది, పాకెట్ మీద చీటీ లేని విత్తనం కొనకూడదని. 1966లో వచ్చిన విత్తనాల చట్టం ప్రకారం ఏ రకమో, ఎంత శాతం మొలుస్తుందో, ఎంత స్వచ్ఛమైనదో పాకెట్ మీద రాయాలి. ఆ చట్టం ఉన్నా నకిలీ విత్తనాలు వస్తూనే ఉన్నాయి, నిజమే. కానీ చీటీ ఉండబట్టే నష్టపోయిన రైతు షాపు ముందు నిలబడి అడగగలుగుతోంది. యాప్ విషయంలో మనకు ఆ చీటీ కూడా లేదు.

లేకపోలేదు, గూగుల్ ప్లే స్టోర్‌లో 2022 నుంచి 'డేటా సేఫ్టీ' అని ఒక భాగం ఉందని కొందరంటారు. ఉంది. దాన్ని నింపేది ఎవరు? యాప్ తయారుచేసినవాడే. మా యాప్‌కు కూడా మా కంపెనీ అబ్బాయే నింపాడు: 'ఎవరితోనూ పంచుకోము' అని! తన యాప్‌లో ఏముందో తనకే తెలియనివాడు ఇంకేం రాస్తాడు?

చావు దాకా తెచ్చిన అనుమతి

ఇది మా ఒక్క సంఘానికి జరిగిన పొరపాటు కాదు. నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్‌ను ప్రపంచంలో పది కోట్ల మందికి పైగా వాడారు. నెలసరి ఎప్పుడొచ్చింది, గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా అన్న సంగతులు అందులోని బయటి ప్యాకేజీల ద్వారా ఫేస్‌బుక్ వంటి కంపెనీలకు పోతున్నాయని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే 2021లో ఆ కంపెనీ రాజీకి వచ్చింది. మీ సంగతులు ఎవరికీ చెప్పమని ఆ కంపెనీ ముందే మాటిచ్చింది. నేనిచ్చినట్టే!

అమెరికా దాకా ఎందుకు? 2020 డిసెంబరులో లోను యాప్‌ల వేధింపు తట్టుకోలేక మా సిద్దిపేట జిల్లాలోనే ఒక యువ ఉద్యోగిని ప్రాణం తీసుకుంది. అప్పు ఎగ్గొట్టిన మనిషి అంటూ ఆమె పరిచయస్తులకు సందేశాలు పోయాయి. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ తీసుకోవడానికి ఆ యాప్‌లకు ఒక్క 'సరే' చాలింది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూలుదార్లు గడపలో కూర్చుని ఆడవాళ్ల పరువు తీసిన రోజులు మనకు గుర్తున్నాయి. అప్పుడు కనీసం ఎవడొచ్చాడో ముఖం కనిపించేది. ఊరి ఆడవాళ్లు పోగై నిలదీసేవాళ్లు. ఇప్పుడు ఎవరిని నిలదీయాలి?

2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన దేశంలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే లోను యాప్‌లు దాదాపు 1100 ఉన్నాయని, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని రిజర్వు బ్యాంకు వేసిన కమిటీయే ఆ ఏడాది నవంబరులో తేల్చింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు తెచ్చింది. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు, కాల్ వివరాలు, ఫైళ్లు, ఫోటోలు ముట్టుకోకూడదంది. మంచిదే. కానీ 2024 నవంబరులో మెకాఫీ కంపెనీ పరిశోధకులు ఇట్లాంటి 15 లోను యాప్‌లను పట్టుకుని చూస్తే, పేర్లు వేరు, బొమ్మలు వేరు, దేశాలు వేరు, లోపల సమాచారం దొంగిలించే కోడు మాత్రం ఒకే మూసలోది. అప్పటికే 80 లక్షల సార్లకు పైగా అవి ఫోన్లలోకి ఎక్కాయి. ఒక యాప్‌ను నిషేధిస్తే అదే సరుకు ఇంకో పేరుతో వస్తుంది. పేర్లను నిషేధిస్తే ఏం లాభం? లోపలి సరుకును చూసే పద్ధతి కావాలి.

'ఓపెన్' అన్నంత మాత్రాన

మా మీటింగులో ఒక మిత్రురాలు అడిగింది: "ఆండ్రాయిడ్ ఓపెన్ కదా, అంతా బహిరంగమే కదా, మరి దాపరికం ఎక్కడిది?" మంచి ప్రశ్న.

ఆండ్రాయిడ్ పునాది కోడు ఎవరైనా చూడగలిగేదే. కానీ మన చేతికొచ్చే ఫోన్లలో దాని మీద గూగుల్ సొంత సాఫ్ట్‌వేర్, ఫోన్ కంపెనీల సాఫ్ట్‌వేర్ కూర్చుంటాయి. అవి అట్లా బహిరంగమైనవి కావు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఫేస్‌బుక్ ప్యాకేజీ కోడు కూడా ఎవరైనా చదవగలిగేలా బయటే ఉంది! తెరవగానే కబురు పంపే పనిని ఆపే మీటను కూడా 2018లో ఆ కంపెనీ ఇచ్చింది. కానీ ఆ మీట నొక్కాల్సింది యాప్ తయారుచేసేవాడు. లోపల ఆ ప్యాకేజీ ఉన్నట్టే తెలియనివాడు దాని మీటను ఎట్లా నొక్కుతాడు?

గ్రామసభ బహిరంగమే. అయినా పోనివ్వకపోతే, పోయినా మాట్లాడనివ్వకపోతే ఆ సభ ఆడవాళ్లకు ఓపెన్ అయినట్టా? కోడు కూడా అంతే. తలుపు తెరిచి ఉంటే సరిపోదు. లోపలికి పోయి చూసే మనిషి కావాలి, చూసింది నలుగురికీ చెప్పే పద్ధతి కావాలి. అది సాధ్యమే. ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోరు 2010 నుంచి ఆ పని చేస్తోంది. మూల కోడు నుంచే యాప్‌ను కట్టి, అందులో మనిషిని వెంబడించే ముక్క ఏదైనా ఉంటే దాని పక్కనే ఆ మాట రాసి పెడుతుంది. ప్రధానంగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నడిపే స్టోరు చేయగలిగింది, కోట్ల బడ్జెట్ ఉన్న ప్రభుత్వ శాఖలు చేయలేవా?

కనిపించని చాకిరీ

నిఘా ఒక్కటే ఈ ప్యాకేజీలతో వచ్చే చిక్కు కాదు. అవి పాతబడతాయి, పాడవుతాయి, ఒక్కోసారి అసలు దొరకకుండా పోతాయి. ఆండ్రాయిడ్ వాళ్లు చాలా ఏళ్లు జేసెంటర్ అనే గిడ్డంగి మీద ఆధారపడ్డారు. దాన్ని మూసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలో నడిపే కంపెనీ ప్రకటించింది. లోకమంతా తమ ప్యాకేజీలను వేరే చోటి నుంచి తెచ్చుకోవడానికి పరుగులు పెట్టింది. పరుగు పెట్టేవాళ్లు ఉన్న యాప్‌లు బతికాయి. ఒక్కసారి నిధులొస్తే చేయించి వదిలేసిన యాప్‌ల గతేమిటి? మన రంగంలో ఉన్నవి ఎక్కువగా అట్లాంటివే కదా! ప్రాజెక్టు మూడేళ్లు, యాప్ ఆరంభోత్సవం ఒక రోజు, ఆ తర్వాత దాన్ని చూసే దిక్కు లేదు.

పాతబడితే ఏమవుతుంది? 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్యాకేజీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. రహస్యంగా పోవాల్సిన సమాచారం బయటివాళ్లకు చిక్కేంత లోపం. ఆండ్రాయిడ్ 4.1.1 ఉన్న ఫోన్లకూ అది తగిలింది. ప్రపంచంలోని బ్యాంకులు, పెద్ద కంపెనీలు వాడుకుంటున్న ఆ ప్యాకేజీని చూసుకునేవాళ్లలో పూర్తికాలం పనిచేసే మనిషి అప్పటికి ఒక్కరే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఇంకో ప్యాకేజీలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టినట్టు తెలిసింది. దాన్ని ఏళ్ల తరబడి ఒక్కడే, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. అతను అలసిపోయి ఉన్నప్పుడు సాయం చేస్తానంటూ ఒకరు చేరారు, నమ్మకం సంపాదించి లోపల విషం కలిపారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్ అర సెకను ఆలస్యం చేస్తోందని అనుమానపడి తవ్వి చూడబట్టి ఆ దొంగదారి బయటపడింది.

ఈ కథ మనకెక్కడో విన్నట్టు లేదూ? ఇల్లంతా ఆమె చాకిరీ మీద నడుస్తుంది. ఆ చాకిరీ ఎవరికీ కనిపించదు, దానికి కూలి లేదు. ఆమె మంచాన పడ్డ రోజున మాత్రం పొయ్యి ఎందుకు వెలగలేదని అడుగుతారు. కూలి లేని పని మీద లాభాలు కట్టుకోవడం పెట్టుబడికి కొత్త కాదు. ఇంటి చాకిరీకి విలువ కట్టమని అడిగిన మనం, వాడుకునే ప్యాకేజీలను చూసుకునే మనుషులకు కూడా ప్రాజెక్టు డబ్బులోంచి ఒక వాటా పోవాలని అడగాలి. ఉచితంగా దొరికింది కదా అని తీసుకుని, అది చెడిపోయాక తిట్టుకోవడం న్యాయం కాదు.

సూదిలో ఏముందని అడిగినవాళ్లం

ఇప్పుడు ప్రభుత్వం సంగతికి వద్దాం. మా సంఘం యాప్ వద్దనుకుంటే తీసేయవచ్చు. అంగన్‌వాడీ టీచర్‌కు ఆ వీలుందా? 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. ఇంటికిచ్చే రేషన్‌కు 2025 జూలై 1 నుంచి ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ఉపాధి హామీ పనిచోట హాజరు ఫోటోలతో యాప్‌లోనే వేయాలని 2023 జనవరి 1 నుంచి రూలు పెట్టారు. గర్భిణి ముఖం, బాలింత వివరాలు, కూలి చేసే మనిషి ఫోటో అన్నీ ఫోన్‌ల ద్వారా పోతాయి. ఈ యాప్‌లలో తప్పు ప్యాకేజీలు ఉన్నాయని నేను అనడం లేదు. ఏమున్నాయో ఆ టీచర్‌కూ, ఆ గర్భిణికీ చెప్పారా అని అడుగుతున్నాను. గుడ్డు కావాలంటే ముఖం చూపాలి అన్నప్పుడు ఆమె చెప్పే 'సరే'ను అనుమతి అంటామా?

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందును ఆడవాళ్ల మీద పరీక్షించడానికి శిబిరం పెట్టారు. అది పరీక్ష అని, దాని వల్ల ఏమేం జరగవచ్చునో వచ్చిన పేద స్త్రీలకు చెప్పలేదు. హైదరాబాద్ నుంచి స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు పోయి అడిగారు. మరుసటి ఏడాది ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. పటాన్‌చెరు, మా గజ్వేల్ అప్పుడు ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. సూదిలో ఏముందో చెప్పకుండా గుచ్చకూడదని ఈ నేల మీదే మన ముందుతరం నేర్పింది. యాప్‌లో ఏముందో చెప్పకుండా ఎక్కించకూడదని అడగడం దానికి కొనసాగింపే.

చట్టం మన వైపు కొంత ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించారు, అవి దశలవారీగా అమలవుతాయి. అనుమతి అడిగే కాగితాన్ని తెలుగులో చూసే వీలు ఉండాలని ఆ చట్టం అంటుంది. సమాచారం తీసుకున్నవాళ్లు, తమ తరఫున ఇంకొకరు చేసిన పనికి కూడా తామే బాధ్యులని అంటుంది. అదే చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే దారీ పెట్టింది, సమాచార హక్కు చట్టానికీ గండి కొట్టింది. అందుకే దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అయితే ఒకటి గమనించండి. యాప్‌లో ఏ ప్యాకేజీలున్నాయన్నది ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు. ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ లోపలి ముక్కల జాబితా తయారు చేయాలని, ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు ఆ జాబితా అడగాలని, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులోనే మార్గదర్శకాలిచ్చింది. జాబితా రాయమని ప్రభుత్వమే అంటోంది. రాసిన జాబితాను వాడేవాళ్లకు చూపడానికి అభ్యంతరమేమిటి? భద్రత అంటారు. దాచిపెడితే భద్రత రాదు. అడిగేవాళ్లు ఉంటేనే వస్తుంది.

ముందు మన ఇల్లు

ఇతరులను అడిగేముందు మేం చేసిన పని చెప్పాలి. ఆ యాప్‌ను ఆపేశాం. వాడిన ప్రతి ఒక్కరి దగ్గరికీ పోయి జరిగింది చెప్పాం. బీడీ కార్మికురాలి దగ్గరికి నేనే పోయాను. ఆమె కోప్పడలేదు. "నీకే ఎరుక లేనిది నాకెట్ల చెప్పినవక్కా?" అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

యాప్‌ను బాగుచేయిద్దామనుకుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆండ్రాయిడ్‌లో యాప్‌కు ఒక తాళంచెవి వంటి సంతకం ఉంటుంది. అదే సంతకం లేకపోతే పాత యాప్ మీద కొత్తది ఎక్కదు. ఆ సంతకం, స్టోరులో ఖాతా, మూల కోడు అన్నీ కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఇవ్వడానికి వేరే డబ్బు అడిగారు. డబ్బు పెట్టినవాళ్లం మేమే, తాళం మాత్రం వాళ్లది! ఒప్పందంలో ఆ మాట రాయించుకోనిది మేమే. చివరికి అన్నీ మొదటి నుంచి చేయించుకున్నాం. ఈసారి ప్యాకేజీలు చాలా తక్కువ. ఒక్కోటి ఎందుకో ఆ బీటెక్ అమ్మాయి మా కార్యవర్గం ముందు తెలుగులో చెప్పింది. అర్థం కాని ప్రతి చోటా ఆపి అడిగాం. రెండు పూటలు పట్టింది, అంతే.

యాప్ చేయించే ప్రతి సంఘమూ, ప్రతి సంస్థా ఒప్పందంలో ఈ షరతులు రాయించుకోవాలని నా ప్రతిపాదన:

లోపలున్న ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్, ఎవరు చేశారు, ఎందుకు కావాలి అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్యాకేజీల వెనక వచ్చే ప్యాకేజీలు కూడా అందులో ఉండాలి.

ఎందుకో చెప్పలేని ప్యాకేజీని తీసేయాలి. ప్రకటనలవి, వాడకం లెక్కలవి స్త్రీల భద్రత యాప్‌లలో అసలే ఉండకూడదు.

చివరగా తయారైన యాప్ అడిగే పర్మిషన్ల పట్టికను సంఘం చదవాలి. మనం అడగనిది ఒక్కటి కనిపించినా బిల్లు ఆపాలి.

ప్యాకేజీల వెర్షన్లు స్థిరంగా రాసి ఉండాలి. 'ఏ కొత్తది వస్తే అది తెచ్చుకో' అని వదలకూడదు. అట్లాగని పాతవాటినే పట్టుకుని కూర్చోకూడదు. ఎవరు, ఎన్ని నెలలకోసారి చూసి మారుస్తారో, దానికి డబ్బెక్కడిదో ముందే తేల్చాలి. నిధులిచ్చేవాళ్లు ఆరంభోత్సవానికే కాదు, దీనికీ ఇవ్వాలి.

సంతకం, స్టోరు ఖాతా, మూల కోడు సంఘం దగ్గరే ఉండాలి.

యాప్ వద్దన్న స్త్రీకి అదే సాయం ఫోన్‌లో మాట్లాడో, మనిషిని కలిసో అందాలి.

ప్రభుత్వ యాప్‌ల విషయంలో సమాచార హక్కు కింద జాబితాలు అడుగుదాం. అంగన్‌వాడీ టీచర్ల యూనియన్లు, ఆశా కార్యకర్తలు, ఉపాధి కూలీలు తమ డిమాండ్లలో దీన్ని చేర్చాలి. జీతం పెంచమనే డిమాండ్ పక్కన ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఆ టీచర్ తన చేతితో, తన నోటి మాటతో ఊరి ఆడవాళ్ల ముఖాలను ఆ యాప్‌కు అప్పగిస్తోంది. రేపు ఏదైనా జరిగితే ఊరు నిలదీసేది ఢిల్లీని కాదు, ఆమెనే.

మూడో మనిషికి తెలియదని ఇకముందు నేను ఎవరికీ ఉత్తమాటగా చెప్పను. జాబితా ముందు పెట్టి, ఇందులో వీళ్లున్నారు, వీళ్లకు ఇది తెలుస్తుంది, ఇది తెలియదు, నీ ఇష్టం అని చెబుతాను. ఆమె ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ నిర్ణయం ఆమెది. మనం చేయాల్సింది మూట విప్పి చూపించడం, విప్పనివాళ్ల చేత విప్పించడం.